‘ఫైర్ నికో’: తొమ్మిది నెలల అభిమాన కోపం మీద ఒక కేస్ స్టడీ

బాస్కెట్‌బాల్ టీములకు అభిమానుల సంబంధాల విషయంలో సలహాలివ్వడం నా వృత్తి. సీజన్ టికెట్లు కొన్నవాళ్లు ఏళ్ల తరబడి ఎందుకు ఉంటారు, ఒక్కసారిగా ఎందుకు వెళ్లిపోతారు, వాళ్లకు కోపం వచ్చినప్పుడు ఎవరు ఏం మాట్లాడాలి అన్నవే నేను రోజూ చూసే విషయాలు. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఆడే డాలస్ మావెరిక్స్ ఎప్పుడూ నా క్లయింట్ కాదు. అందువల్ల లోపలి సమాచారమంటూ ఇందులో ఏదీ ఉండదు. అందరి కళ్ల ముందు జరిగినవాటినే నా అనుభవంతో కలిపి చదివాను. అయినా ఈ కేసునే ఎంచుకోవడానికి కారణముంది. మేనేజ్‌మెంట్ మీద అభిమానుల కోపం ఎలా పుడుతుందో, ఎలా పెరుగుతుందో, ఎక్కడ గడ్డకడుతుందో ఇంత స్పష్టంగా చూపించిన ఉదాహరణ ఈమధ్య కాలంలో నాకు ఇంకొకటి కనిపించలేదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. 2025 ఫిబ్రవరిలో తమ స్టార్ ఆటగాడు లూకా డోంచిచ్‌ను లాస్ ఏంజెలెస్ లేకర్స్‌కు ట్రేడ్ చేయడం, అంటే వేరే ఆటగాళ్లకు బదులుగా ఇచ్చేయడం, డాలస్ అభిమానులకు దుఃఖం తెచ్చింది. ‘ఫైర్ నికో’ అన్నది ఆ ట్రేడ్ చేసిన జనరల్ మేనేజర్ నికో హారిసన్‌ను తీసేయమనే నినాదం. ఆ దుఃఖాన్ని పగగా మార్చింది మాత్రం ట్రేడ్ తర్వాత మేనేజ్‌మెంట్ నడుచుకున్న తీరు.

ఆ రాత్రికి ముందు

డాలస్ అభిమానుల మనసు తెలియాలంటే డర్క్ నోవిట్స్కీ దగ్గర మొదలుపెట్టాలి. ఆయన 21 సీజన్లూ ఒక్క టీముకే ఆడాడు. 2011లో వాళ్లకున్న ఏకైక టైటిల్ తెచ్చాడు. 2022 క్రిస్మస్ రోజున అరీనా బయట ఆయన విగ్రహం పెట్టారు. డోంచిచ్ 2018 డ్రాఫ్ట్‌లో (టీములు వరుసగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమంలో) వచ్చాడు. అట్లాంటా మూడో ఎంపికగా తీసుకుని ఆ రోజే డాలస్‌కు ఇచ్చేసింది. నోవిట్స్కీ చివరి సీజన్, డోంచిచ్ మొదటి సీజన్ ఒక్కటే. పెద్దాయన వెళ్తూ వెళ్తూ ఇంటి తాళాలు కుర్రాడి చేతిలో పెట్టినట్టు అభిమానులు చూశారు. ఇతను కూడా ఇక్కడే రిటైరవుతాడని ఎవరూ మాట ఇవ్వలేదు. కానీ ఇరవై ఏళ్ల అలవాటు మాట ఇచ్చినంత పని చేస్తుంది.

2024 జూన్‌లో డోంచిచ్ టీమును ఫైనల్స్ దాకా తీసుకెళ్లాడు. బోస్టన్ చేతిలో 4-1తో ఓడిపోయారు. అప్పుడు కోపం లేదు, వచ్చే ఏడాది చూద్దామన్న ఆశే ఉంది.

ఇంకో మార్పు కూడా జరిగింది. దాన్ని చాలామంది పట్టించుకోలేదు. 2023 డిసెంబరులో అప్పటి యజమాని మార్క్ క్యూబన్ టీములో మెజారిటీ వాటాను అడెల్సన్, డూమాంట్ కుటుంబాలకు అమ్మేశాడు. క్యూబన్ అంటే ఇష్టం ఉన్నవాళ్లూ ఉన్నారు, లేనివాళ్లూ ఉన్నారు. కానీ ఆయన బెంచ్ పక్కన కూర్చునేవాడు, అభిమానుల ఈమెయిళ్లకు తనే జవాబిచ్చేవాడు. తిట్టాలన్నా, అడగాలన్నా ఎదురుగా ఒక మొహం ఉండేది. కొత్త యజమానుల వ్యాపారానికి కేంద్రం లాస్ వేగస్. టీము గవర్నర్‌గా, అంటే లీగ్‌లో యజమానుల ప్రతినిధిగా, వచ్చిన పాట్రిక్ డూమాంట్ సగటు అభిమానికి దాదాపు అపరిచితుడు. నా ఉద్యోగ భాషలో చెప్పాలంటే, కోపం బయటికి పోయే గొట్టం అప్పటికే మూసుకుపోయి ఉంది.

ఫిబ్రవరి 2025

డాలస్ టైమ్ ప్రకారం ఫిబ్రవరి 1, శనివారం రాత్రి పదకొండు దాటాక వార్త వచ్చింది. డోంచిచ్ లేకర్స్‌కు వెళ్తున్నాడు. బదులుగా ఆంథొనీ డేవిస్, మాక్స్ క్రిస్టీ, 2029 మొదటి రౌండ్ డ్రాఫ్ట్ ఎంపిక ఒకటి వస్తాయి. వార్త పెట్టిన విలేకరి అకౌంట్‌ను ఎవరో హ్యాక్ చేశారేమోనని చాలామంది అనుకున్నారు. ఈ చర్చలు ఎంత గోప్యంగా సాగాయంటే, ట్రేడ్ అవుతున్న డోంచిచ్‌కే చివరిదాకా తెలియదు.

డోంచిచ్‌కు అప్పటికి 25 ఏళ్లు. డేవిస్‌కు 31. పైగా ఆ సమయానికి డేవిస్ గాయంతో ఉన్నాడు.

మర్నాడు జనం అరీనా దగ్గరికి వచ్చారు. నోవిట్స్కీ విగ్రహం దగ్గర పూలు పెట్టారు, జెర్సీలు వదిలారు. ఒక శవపేటిక కూడా తెచ్చారు. దీన్ని బయటివాళ్లు తమాషాగా చూశారు. నేను అలా చూడలేను. మనుషులు తమ దుఃఖానికి పేరు దొరకనప్పుడు తెలిసిన ఆచారాన్ని అరువు తెచ్చుకుంటారు. అంత్యక్రియల రూపం ఎంచుకున్నారంటే, ‘మేం పోగొట్టుకున్నాం’ అని చెబుతున్నారు. ‘మీరు మోసం చేశారు’ అన్న మాట ఆ మొదటి రోజు ప్రధానం కాదు. మేనేజ్‌మెంట్‌కు దొరికిన అత్యంత విలువైన సమయం అదే. నా అంచనాలో అలాంటి సమయం మహా అయితే వారం, పది రోజులుంటుంది.

ఆ పది రోజుల్లో ఏం చేశారన్నదే ఈ కేసులో అసలు విషయం.

వివరణ చేసిన గాయం

జనరల్ మేనేజర్ నికో హారిసన్ చెప్పిన ప్రధాన కారణం ఒక్క ముక్క: డిఫెన్సే ఛాంపియన్‌షిప్‌లు గెలిపిస్తుంది. బాస్కెట్‌బాల్ వాదనగా అది చెప్పుకోదగ్గదే. డేవిస్ గొప్ప డిఫెండర్, అందులో సందేహం లేదు. కానీ వాదన సరైనదా కాదా అన్నది అప్పుడు ఎవరూ అడగడం లేదు. చావింట్లోకి వచ్చినవాడు ఆస్తి లెక్కలు మాట్లాడితే, ఆ లెక్క తప్పయినా ఒప్పయినా వినేవాళ్లకు ఒకేలా ఉంటుంది.

తర్వాత వచ్చిన మాటలు ఇంకా హాని చేశాయి. టీము సంస్కృతికి సరిపోయేవాళ్లు కావాలన్న ధోరణిలో హారిసన్ మాట్లాడాడు. స్థానిక పత్రికకిచ్చిన ఇంటర్వ్యూలో డూమాంట్ గొప్ప ఆటగాళ్ల కష్టపడే తత్వాన్ని గుర్తుచేసి, సెలవు కావాలనుకునేవాళ్లు మా దగ్గర వద్దన్న అర్థం వచ్చేలా అన్నాడు. పేరు ఎత్తలేదు. ఎత్తాల్సిన అవసరం కూడా రాలేదు. ఏడు సీజన్లుగా తాము ప్రేమించినవాడు సోమరి అని యజమాని అంటున్నట్టు అభిమాని విన్నాడు. అంటే అభిమాని తీర్పును కూడా తప్పుపట్టినట్టే. వెళ్లిపోయినవాడిని తక్కువ చేస్తే ఉన్నవాళ్లకు ఊరట కలుగుతుందని మేనేజ్‌మెంట్లు ఎందుకు అనుకుంటాయో నాకు ఇన్నేళ్ల తర్వాత కూడా అర్థం కాదు. ప్రతిసారీ ఫలితం తలకిందులే.

ఇక్కడ ఒక పాత పరిశోధన పనికొస్తుంది. 1976లో మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ చాల్డీనీ, ఆయన సహచరులు ప్రచురించిన పరిశోధన అది. వాళ్లు అమెరికా యూనివర్సిటీల్లో ఫుట్‌బాల్ మ్యాచ్‌ల తర్వాత విద్యార్థులను గమనించారు. జట్టు గెలిచాక వచ్చిన సోమవారం యూనివర్సిటీ పేరున్న బట్టలు ఎక్కువమంది వేసుకున్నారు. ఫోన్‌లో ఫలితం గురించి అడిగితే, గెలిచినప్పుడు ‘మనం’ అన్నారు, ఓడినప్పుడు ‘వాళ్లు’ అన్నవాళ్లు పెరిగారు. ఈ తేడా తెలుగువాళ్లకు వివరించడం సులువు, ఎందుకంటే మనకు ‘మేము’, ‘మనం’ అని రెండు వేర్వేరు మాటలున్నాయి. ‘మనం’ అంటే వినేవాడు కూడా లోపలే ఉన్నాడని. టీము గురించి మాట్లాడేటప్పుడు అభిమాని వాడేది ఆ మాటనే. ఫిబ్రవరి 2025 తర్వాత డాలస్‌లో జరిగింది ఇదే: అభిమాని ‘మనం’లోంచి మేనేజ్‌మెంట్‌ను బయటికి పంపేశాడు. ఆటగాళ్లు లోపలే ఉన్నారు, నోవిట్స్కీ లోపలే ఉన్నాడు, వెళ్లిపోయిన డోంచిచ్ కూడా లోపలే ఉన్నాడు. ఆఫీసు మాత్రం ‘వాళ్లు’ అయిపోయింది.

వివరణ నచ్చని చోట పుకారు పుడుతుంది. వేగస్ క్యాసినో కుటుంబం కాబట్టి టీమును అక్కడికి తరలించడానికే ఇదంతా అన్న మాట బలంగా తిరిగింది. దానికి ఆధారమేమీ లేదు. కానీ తేలిగ్గా కొట్టిపారేయడం కూడా సరికాదు. 2006లో కొత్త యజమానులు కొన్న సియాటెల్ సూపర్‌సోనిక్స్, ఆ ఊళ్లో 41 ఏళ్లు ఉన్న టీము, 2008లో ఓక్లహోమా సిటీకి వెళ్లిపోయింది. ఆ జ్ఞాపకం ఇంకా చెరిగిపోలేదు. భయానికి గతంలో ఒక్క నిజమైన ఉదాహరణ ఉంటే చాలు.

నోరు మూయించిన రాత్రి

ఫిబ్రవరి 8న ట్రేడ్ తర్వాత మొదటి హోమ్ గేమ్. బయట వందలమంది నిరసన. లోపల డేవిస్ మొదటిసారి దిగి 26 పాయింట్లు, 16 రీబౌండ్లు సాధించి అదరగొట్టాడు, టీము హ్యూస్టన్ మీద గెలిచింది. కానీ డేవిస్ అదే ఆటలో గాయపడి బయటికి వెళ్లాడు.

రెండు రోజుల తర్వాత శాక్రమెంటోతో ఆట. అరీనా పెద్ద తెర మీద కనిపించిన ఒక అభిమాని ‘ఫైర్ నికో’ అని పెదవులు కదిపాడు. అతన్ని బయటికి పంపారు. అదే రాత్రి ప్లకార్డు పట్టుకున్నవాళ్లను కూడా పంపారు. ప్రవర్తనా నియమావళిని ఉల్లంఘించారన్నది టీము చెప్పిన కారణం.

నన్నడిగితే ఈ తొమ్మిది నెలల్లో అతి పెద్ద తప్పు ఇది. ట్రేడ్ కన్నా కూడా. ట్రేడ్ వెనుక కనీసం ఒక వాదన ఉంది. దీని వెనుక భయం తప్ప ఇంకేమీ లేదు. నియమావళి కాగితం మీద ఏమున్నా, డబ్బు పెట్టి సీటు కొని, ఆట చూడటానికి వచ్చి, నిర్ణయం నచ్చలేదని రెండు మాటలన్నవాడు టీముకు శత్రువు కాదు. వచ్చాడు కదా. శత్రువైతే ఇంట్లో కూర్చునేవాడు.

ఆ రాత్రి తర్వాత నినాదం అర్థం మారింది. అప్పటిదాకా ‘ఫైర్ నికో’ అంటే ‘ఆ మేనేజర్‌ను తీసేయండి’ అని. ఆ తర్వాత ‘మా నోరు మూయించలేరు’ అన్న అర్థం కూడా వచ్చి చేరింది. అందుకే అదే అరీనాలో జరిగే హాకీ ఆటల్లో కూడా వినపడింది. హాకీకి, బాస్కెట్‌బాల్ ట్రేడ్‌కు సంబంధం లేదు. అరవగలిగే స్వేచ్ఛకు మాత్రం ఉంది.

నా దగ్గర జరిగిన ఒక ఫోన్ కాల్

ఇది చెప్పకుండా మిగతాది రాయలేను. కొన్నేళ్ల కిందట నేను పనిచేసిన ఒక టీము, పేరు చెప్పను, అభిమానులకు బాగా ఇష్టమైన ఆటగాడిని ట్రేడ్ చేసింది. మర్నాడు ఫోన్లెత్తే సిబ్బందికి ఏం మాట్లాడాలో రాసిచ్చింది నేనే. ‘మా దూరదృష్టిని నమ్మండి’ అన్న తరహా మాటలు.

పంతొమ్మిదేళ్లుగా సీజన్ టికెట్ ఉన్న ఒకాయన ఫోన్ చేశాడు. సిబ్బందిలోని అమ్మాయికి ఏం చెప్పాలో తెలియక నాకు ఇచ్చింది. ఆయన అరవలేదు. ట్రేడ్ ఎందుకు చేశారని కూడా అడగలేదు. “నిన్న మధ్యాహ్నం నాకు రెన్యువల్ మెయిల్ వచ్చింది. అందులో ఆ కుర్రాడి ఫోటో ఉంది. అది పంపేటప్పటికి మీకు తెలుసా, సార్?” అన్నాడు.

నాకు తెలియదు. పైవాళ్లకు తెలుసు. నేను రాసిచ్చిన కాగితంలో ఆ ప్రశ్నకు జవాబు లేదు. కనుక్కుని చెబుతానన్నాను. ఆయన సరేనండీ అని పెట్టేశాడు. రెన్యువల్ చేయలేదు. తర్వాత ఎప్పుడూ ఫోన్ చేయలేదు.

అప్పటినుంచి అరిచే అభిమాని గురించి నాకు టెన్షన్ లేదు. ‘సరేనండీ’ అని పెట్టేసేవాడి గురించే టెన్షన్.

డాలస్‌లో కూడా దీనికి దగ్గరగా ఒకటి జరిగింది. మార్చి నెలలో, అంటే ట్రేడ్ గాయం పచ్చిగా ఉండగానే, వచ్చే ఏడాది సీజన్ టికెట్ల ధరలు సగటున 8 శాతానికి పైగా పెంచుతున్నట్టు తెలియజేశారు. ఆ నెల మొదట్లోనే టీములోని ఇంకో స్టార్ కైరీ అర్వింగ్ మోకాలి లిగమెంట్ తెగింది. గాయాలతో టీము ఆటగాళ్ల సంఖ్యకే వెతుక్కునే స్థితిలో ఉంది. ధర పెంచడానికి వ్యాపార కారణాలు ఉండొచ్చు. కానీ తేదీ కూడా ఒక సందేశమే.

పోలిక: ఓక్లండ్, 2012

అభిమానుల కోపం ఎలాగైనా చల్లారుతుంది, గెలిస్తే చాలు అనేవాళ్లు ఎప్పుడూ, అప్పట్లో ఓక్లండ్‌లో ఆడిన గోల్డెన్ స్టేట్ వారియర్స్‌ను చూపిస్తారు. 2012 మార్చి 13న అభిమానుల ముద్దుబిడ్డ మాంటా ఎలిస్‌ను ఇచ్చి, గాయంతో ఉన్న ఆండ్రూ బోగట్‌ను తెచ్చారు. ఆరు రోజుల తర్వాత టీము పాత స్టార్ క్రిస్ మలిన్ జెర్సీ రిటైర్ చేసే (ఆయన నంబరు ఇక ఎవరికీ ఇవ్వకుండా గౌరవించే) వేడుకలో యజమాని జో లేకబ్ మైకు పట్టుకున్నాడు. జనం ఆపకుండా హూటింగ్ చేశారు. సముదాయించడానికి మలిన్ వచ్చాడు. తర్వాత ఇంకో పాత స్టార్ రిక్ బ్యారీ వచ్చి జనాన్నే మందలించాడు, గోల ఇంకా పెరిగింది. మూడేళ్లకు, 2015లో టైటిల్ గెలిచారు. ఇప్పుడా రాత్రిని ఎవరూ పగతో గుర్తుచేసుకోరు.

నేనైతే ఈ ఉదాహరణను వేరేగా చదువుతాను. గెలుపు సాయం చేసింది, నిజమే. ఎలిస్ స్థాయి, డోంచిచ్ స్థాయి ఒకటి కావన్నదీ నిజమే. తర్వాత సూపర్‌స్టార్ అయిన స్టెఫెన్ కరీ అప్పటికే ఆ టీములో ఉన్నాడు. కానీ లేకబ్ ఆ మైకు దగ్గర నిలబడ్డాడు. వేల మంది ముందు తిట్లు తిన్నాడు. ఎవరినీ బయటికి పంపలేదు. ఆ నిలబడటం క్షమాపణ కాదు, కానీ అభిమానికి ఒకటి తెలిసింది: నా కోపం అతనికి చేరింది. బ్యారీ మందలింపు పనిచేయకపోవడానికి కారణం కూడా అదే. చేరిన కోపాన్ని వెనక్కి తోయబోయాడు.

డాలస్‌లో ఏప్రిల్ మధ్యలో హారిసన్ ఎంపిక చేసిన కొందరు విలేకరులతో తలుపులు మూసి, కెమెరాలు లేకుండా మాట్లాడాడు. పశ్చాత్తాపం లేదన్నాడు, మళ్లీ డిఫెన్స్ మాటే చెప్పాడు. ఆ తర్వాతి వారం బహిరంగంగా మాట్లాడినప్పుడు, డోంచిచ్ అభిమానులకు ముఖ్యమని తెలుసుగానీ ఇంత స్థాయిలో అని తెలియదని ఒప్పుకున్నాడు. నిజాయితీగల మాటే. కానీ అందులోనే నిర్ధారణ కూడా ఉంది. ఆ స్థాయి తెలియాలంటే అంతకు ముందే, ఏప్రిల్ 9న, అరీనాలో ఉన్న ఎవరినడిగినా చెప్పేవారు. ఆ రోజు డోంచిచ్ లేకర్స్ జెర్సీలో తిరిగొచ్చాడు. ప్రతి సీటు మీద స్లొవేనియన్ భాషలో ‘అన్నిటికీ థాంక్స్’ అని రాసిన టీషర్టు ఉంచారు. వీడియో చూస్తూ అతను బెంచ్ మీద ఏడ్చాడు. తర్వాత 45 పాయింట్లు కొట్టాడు. సొంత టీము ఓడిపోతుంటే జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

టీషర్టు, వీడియో ఆలోచన ఎవరిదోగానీ, ఆ తొమ్మిది నెలల్లో టీము చేసిన అత్యుత్తమ పని అదే. దుఃఖానికి మొదటిసారి అధికారికంగా చోటు ఇచ్చారు. ఫిబ్రవరి మొదటి వారంలో చేయాల్సింది ఏప్రిల్‌లో చేశారు.

అంకెలు దాచినది

టీము ఆఫీసుల్లో ఒక ధైర్యం ఉంటుంది: టికెట్లు అమ్ముడవుతున్నాయి కదా. ట్రేడ్ నాటికి మావెరిక్స్‌కు 2001 డిసెంబరు నుంచి వరుసగా హౌస్‌ఫుల్ రికార్డు ఉండేది. ఆ అంకెను చూసి అంతా బాగుందనుకోవడం ప్రమాదం. సీజన్ టికెట్ డబ్బు ముందే కట్టేసి ఉంటుంది. అరవడానికే వచ్చినవాడూ సీటు నింపుతాడు. ప్రత్యర్థి జెర్సీ వేసుకొచ్చినవాడూ నింపుతాడు. నేను వేరేవి చూస్తాను. రెన్యువల్ ఫారం ఎన్ని రోజులకు తిరిగొస్తోంది? మొదటి క్వార్టర్ మొదలయ్యేటప్పటికి లోపల ఎంతమంది ఉన్నారు? పిల్లల సైజు జెర్సీల్లో ఎవరి పేరు పోతోంది?

అభిమానుల తప్పులు

అభిమానుల వైపు అంతా న్యాయమే ఉందని రాస్తే ఈ కేసు అబద్ధమవుతుంది. హారిసన్‌కు బెదిరింపులు వచ్చాయని, ఆయన భద్రత పెంచాల్సి వచ్చిందని వార్తలొచ్చాయి. ఒక మనిషిని ఉద్యోగంలోంచి తీసేయమనడం వేరు, అతని ప్రాణానికి భయం కలిగించడం వేరు. రెండోదానికి ఏ ట్రేడూ సాకు కాదు. అలాంటివాడిని అరీనాలోకి రానివ్వకూడదు, పోలీసులకు చెప్పాలి. విషాదమేమిటంటే, పెదవులు కదిపినవాడిని కూడా బయటికి పంపిన టీముకు, నిజంగా బయట ఉంచాల్సినవాడి విషయంలో గట్టిగా మాట్లాడే నైతిక బలం తగ్గిపోతుంది.

సొంత ఆటగాడు ఫ్రీ త్రో లైన్ దగ్గర నిలబడి ఉన్నప్పుడు నినాదం అందుకోవడం ఇంకో తప్పు. ఆ కుర్రాళ్లు ట్రేడ్ చేయలేదు. వచ్చినవాళ్లు కూడా అడిగి రాలేదు. డేవిస్‌కు కూడా ఆ రాత్రి ముందుగా ఏమీ తెలియదు.

ముగింపు ఎలా వచ్చింది

మే 12న డ్రాఫ్ట్ లాటరీలో (ముందుగా ఎంచుకునే హక్కు ఎవరిదో తేల్చే లాటరీలో) 1.8 శాతం అవకాశంతో డాలస్‌కు మొదటి ఎంపిక దక్కింది. జూన్‌లో ఆ ఎంపికతో కుర్ర ఆటగాడు కూపర్ ఫ్లాగ్‌ను తీసుకున్నారు. చాలామంది ఇక కథ సుఖాంతమే అనుకున్నారు. కాలేదు. ఫ్లాగ్‌ను జనం వెంటనే ప్రేమించారు, హారిసన్‌ను మాత్రం క్షమించలేదు. అదృష్టం వల్ల వచ్చినదాన్ని మేనేజ్‌మెంట్ ఖాతాలో ఎవరూ జమచేయరు.

కొత్త సీజన్ 3 గెలుపులు, 8 ఓటములతో మొదలైంది. నవంబరు 10న మిల్వాకీ చేతిలో రెండు పాయింట్ల తేడాతో ఓడారు, అరీనా మళ్లీ మోగింది. ఆ ఆటలో డోంచిచ్ లేకర్స్ జెర్సీ వేసుకున్న ఒక కుర్రాడు డూమాంట్ పక్కన కూర్చుని మాట్లాడాడని, యజమాని తన బాధను అతనితో పంచుకున్నాడని వార్తలొచ్చాయి. మర్నాడు హారిసన్‌ను తీసేశారు. అభిమానుల పేర డూమాంట్ ఒక లేఖ విడుదల చేశాడు. గడిచిన నెలల ప్రభావం ఎంత లోతుగా ఉందో తనకు అర్థమైందన్న భావం అందులో ఉంది.

హారిసన్‌ను తీసేయడం కన్నా ఆ కుర్రాడి పక్కన కూర్చోవడమే నాకు ముఖ్యంగా కనిపించింది. కోపం చేరాల్సిన చోటికి చేరింది. తొమ్మిది నెలలు పట్టింది.

నేనైతే ఏం చేయించేవాణ్ని

ట్రేడ్ ఆపమని చెప్పేవాణ్ని కాదు, అది నా పని కాదు. ట్రేడ్ గోప్యంగా ఉంచక తప్పదని కూడా ఒప్పుకుంటాను. కానీ మర్నాడు పొద్దున్నే యజమానిని కెమెరా ముందు కూర్చోబెట్టేవాణ్ని. డిఫెన్స్ గురించి ఒక్క మాట కూడా వద్దు. డోంచిచ్ ఏడు సీజన్లలో ఏం ఇచ్చాడో చెప్పి, మీరు బాధపడటం న్యాయమే అని చెప్పి ఆపమనేవాణ్ని. బాస్కెట్‌బాల్ కారణాలు రెండు వారాల తర్వాత. వెళ్లినవాడి శరీరం గురించి, క్రమశిక్షణ గురించి ఎవరి నోటా మాట రాకూడదు, పేరు బయటపెట్టనని మాటిచ్చిన విలేకరి ముందు కూడా. నినాదాలకు సెక్యూరిటీ స్పందించకూడదని రాతపూర్వకంగా ఆదేశం ఉండాలి. ధరల పెంపు ఒక ఏడాది వాయిదా వేయాలి, దానివల్ల పోయే డబ్బు చిన్నదేమీ కాదని నాకు తెలుసు. పాత సీజన్ టికెట్‌దారులకు ఫోన్లు సేల్స్ వాళ్లు కాకుండా ఆఫీసులోని పెద్దవాళ్లు చేయాలి. కాగితం చూసి చదవకూడదు.

ఇప్పుడు నేను పనిచేసే ప్రతి టీముకు ట్రేడ్ రోజు కోసం ఒక పని జాబితా రాసిస్తాను. అందులో మొదటి పని పత్రికా ప్రకటన కాదు. ట్రేడ్ ఆలోచన గట్టిపడిన గంటలోనే, ఆ ఆటగాడి ఫోటో ఉన్న రెన్యువల్ మెయిళ్లన్నీ ఆపేయాలి. కారణం ఎవరికీ చెప్పక్కర్లేదు. పంతొమ్మిదేళ్ల సీటు ఉన్న ఇంకో మనిషి ఫోన్ చేసి, పంపేటప్పటికి మీకు తెలుసా అని అడిగితే, లేదండీ అని నిజం చెప్పగలగాలి.